అత్త తాగిన ఒక్క గుక్క

నా చిన్నప్పుడు మా మేనత్త సినిమాల్లో పిల్లలకి గొంతు అరువిచ్చేది. తెర మీద పదేళ్ళ కుర్రాడు అల్లరి చేస్తుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ అల్లరంతా మాటల్లో చేసేది మాత్రం చీర కట్టుకున్న మా అత్త. ఫిల్మ్ నగర్‌లో అందరికీ ఆమె గొంతు తెలుసు, మొహమే ఎవరికీ తెలియదు.

ఒకసారి ఒక్క మాట దగ్గర ఆమె బండి ఆగిపోయింది. సినిమాలో పిల్లవాడు హాట్ చాక్లెట్ తాగి "బాగుంది" అనాలి. అత్త ఎన్ని రకాలుగా అన్నా దర్శకుడికి నచ్చలేదట. మర్నాడు పొద్దున కూడా కుదరకపోతే వేరే గొంతుని పిలుస్తామన్నారట. ఇవేవీ నాకు చెప్పకుండా, "ఊళ్ళో మంచి హాట్ చాక్లెట్ ఎక్కడుందో వెతుకుదాం, వస్తావురా?" అంది. నేను అప్పటికే చెప్పులేసుకున్నాను.

జూబ్లీహిల్స్‌లో మొదటి హోటల్లో ఇచ్చింది హాటూ కాదు, చాక్లెట్టూ కాదు. గోరువెచ్చని పాలకి గోధుమరంగు చొక్కా తొడిగారు. రెండోచోట చెంచా నిలబడేంత చిక్కగా ఉంది. అత్త మాత్రం రెండు చోట్లా వేడినీళ్ళే తాగింది. రికార్డింగుకి ముందు పాలు తాగితే గొంతు జిగురు పట్టేస్తుందని ఆమె నియమం. నా మొహంలోకే చూస్తూ "ఎలా ఉందిరా?" అనేది. ఆమె వేడినీళ్ళు తాగుతుంటే నేను పై పెదవికి మీసాలు పెట్టుకుని తాగడం దొంగతనంలా అనిపించేది. అందుకే గట్టిగా "చాలా బాగుంది" అనేవాణ్ణి. అత్త మొహం వాడిపోయేది. మొహమాటంలో మొహమూ ఉంది, మాటా ఉంది, మనసే లేదని ఆమెకి వినపడుతోందని నాకేం తెలుసు!

మూడోది ఫిల్మ్ నగర్‌లోనే, మెట్లెక్కి వెళ్ళే చిన్న హోటలు. తెచ్చిన పెద్దాయన "జర పైలం బాబూ, మస్తు గరమున్నది" అంటూ కప్పు పెట్టి వెళ్ళాడు. వాసనకే నోరూరింది. కానీ ఎదురుగా మళ్ళీ అవే వేడినీళ్ళు. ఇక నా వల్ల కాలేదు.

"నువ్వు తాగకపోతే నాకూ వద్దు" అని ఏడుపు గొంతుతో కప్పు ఆమె వైపు తోశాను.

అత్త వేడినీళ్ళ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత సంగతంతా చెప్పేసింది. "నీ నోట్లోంచి ఆ మాట ఎలా వస్తుందో వినాలనే తిప్పానురా. నీకోసం కాదు. తప్పు నాది" అని తల దించుకుంది. మధ్యలో ఒక కప్పు, చెరో పక్కా ఒక నేరస్థుడు. ఎవరు ఎవరిని క్షమించాలో తెలియక, కప్పుని ఇంకాస్త ముందుకి జరిపాను. ఆమె ఒక్క గుక్క తాగింది.

"బాగుంది" అంది. అని, తన గొంతు విని తనే ఉలిక్కిపడింది.

మర్నాడు ఆ మాట మొదటిసారికే కుదిరింది. కానీ నియమం ఊరికే పెట్టుకున్నది కాదు. కాసేపటికి గొంతు పట్టేసింది. మిగిలిన మాటలన్నీ వేరే ఆమె చెప్పింది. దర్శకుడు ఆ ఒక్క మాటని మాత్రం వదులుకోలేదు. అంతా నా వల్లేనని చాలా రోజులు అత్త కంటపడకుండా తిరిగాను. చివరికి ఆమే పట్టుకుని, "పిచ్చోడా, ఇన్నేళ్ళలో నేను చెప్పినవి బోలెడు. దానంతటది వచ్చింది అదొక్కటే" అంది.

ఆ ఓదార్పు నాకు సగమే అంటింది. ఇప్పటికీ ఎవరైనా నా ముందు ఏదైనా పెట్టి, తాము నిలబడే "ఎలా ఉంది?" అని అడిగితే నాలుకకి రుచి తెలియదు. ముందు నువ్వూ కూర్చో, నువ్వూ కాస్త తీసుకో అంటాను. వాళ్ళు కూర్చున్నాకే, బాగుందో లేదో చెబుతాను.