నాలుగు కిలోల కోసం

ఆ రోజు పొద్దున నాకు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. కంగారు పడలేదు. వేడి చేసిందనుకున్నాను. మా పల్నాడులో ఎండలు ముదిరాక ఎవరికి ఏం వచ్చినా ముందు అనే మాట అదే.

మాది కారంపూడి దగ్గర పల్లెటూరు. నేను ఫ్రీస్టైల్ కుస్తీ పడతాను. అప్పటికే యాభై మూడు కిలోల విభాగంలో రెండుసార్లు స్టేట్ ఛాంపియన్‌ని. నా అసలు బరువు యాభై ఏడు. ప్రతి పోటీకి ముందూ ఆ నాలుగు కిలోలూ దించడానికి నాదో సొంత పద్ధతి. నాన్న మిరప తోటకు మందు కొట్టేటప్పుడు వేసుకునే ప్లాస్టిక్ కోటు తొడుక్కుని, మిట్టమధ్యాహ్నం మిర్చి కల్లం చుట్టూ పరిగెత్తడం. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

నేషనల్స్ సెలక్షన్స్‌కి ఇంక రెండు రోజులున్నాయి. తొడలు రాళ్ళలా బిగుసుకుపోయాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజక్షన్ వేయించుకున్నాను. అమ్మ సబ్జా గింజల నీళ్ళు కలిపిచ్చింది. తాగితే బరువు పెరుగుతానని, ఆమె అటు తిరగ్గానే పెరట్లో పారబోశాను. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి, మూత్రం పూర్తిగా ఆగిపోయింది. మా కోచ్ సార్ కారులో నరసరావుపేట తీసుకెళ్ళారు.

రిపోర్టులు చూసి డాక్టరమ్మ అంది: “సీపీకే వేలల్లో ఉంది. కండరం కరిగి కిడ్నీల్లో అడ్డం పడుతోంది. రాబ్డోమయోలైసిస్ అంటారు. ఆ నొప్పి ఇంజక్షన్ కిడ్నీలను ఇంకా దెబ్బతీసింది. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ ఆరు దాటింది, డయాలసిస్ పెట్టాలి.”

“ఎల్లుండి నాకు సెలక్షన్స్ మేడం.”

“ఎల్లుండికి ముందు నువ్వుండాలి కదమ్మా!”

అప్పుడు భయమేసింది. చావు కంటే ఎక్కువగా, మళ్ళీ మ్యాట్ ఎక్కలేనేమోనని భయమేసింది. నీళ్ళు పారబోసిన సంగతి అమ్మకు చెప్పేశాను.

“ఏందే నువ్వు! నేను కలిపిచ్చింది మట్టికి తాపావా?” అని నన్ను తిట్టి, సార్ వైపు తిరిగింది. “మీరన్నా చెప్పొద్దా సారూ? మిరపకాయల్ని ఎండబెట్టినట్టు పిల్లని ఎండబెడతారా?” కోటు సంగతి సార్‌కి తెలుసు.

నాలుగో డయాలసిస్ తర్వాత చలిజ్వరం పట్టుకుంది. డయాలసిస్‌కి పెట్టిన కేథటర్ గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్. తగ్గుతున్న క్రియాటినిన్ మళ్ళీ పెరిగింది. “కిడ్నీలు కోలుకుంటాయి. ఎప్పటికో మాత్రం చెప్పలేను” అంది డాక్టరమ్మ. ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాను.

పన్నెండో రోజు పొద్దున కొలత క్యాన్‌లో అర లీటరు మూత్రం, లేత పసుపు రంగులో. అమ్మ ఆ క్యాన్ చేత్తో పట్టుకుని వార్డంతా తిరిగింది. “అర లీటరు పోసింది మా పిల్ల!” సిగ్గుతో దుప్పటి ముసుగేసుకున్నాను గానీ, లోపల నవ్వాగలేదు. ఏ పతకానికీ నాకంత సంతోషం కలగలేదు.

ఏడాది గడిచాక డాక్టరమ్మ ఒప్పుకుంది. “ఆడుకో. బరువు దించడం మాత్రం ఈ జన్మలో వద్దు.” అంటే ఇక యాభై ఏడులోనే పడాలి. అక్కడ అందరూ నాకంటే పొడుగు. తిరిగొచ్చిన మొదటి పోటీలో నిమిషన్నరలో ఓడిపోయాను. సార్ నన్ను కూర్చోబెట్టి, “పొట్టిదానివి, నీకు వాళ్ళ కాళ్ళు దగ్గర. కిందికి పోయి కాళ్ళు అందుకో తల్లీ” అన్నారు. ఏడు నెలలు అదొక్కటే చేశాను.

తర్వాతి స్టేట్ పోటీలకు రెండు ఇడ్లీలు తిని, గ్లాసెడు నీళ్ళు తాగి తూకం మిషన్ ఎక్కాను. మిగతా అమ్మాయిలు పెదాలు తడుపుకుంటూ నన్ను చూశారు. ఫైనల్లో ఆఖరి అర నిమిషం దాకా ఒక పాయింట్ వెనకే ఉన్నాను. ఎదుటి పిల్ల అలిసిపోయింది, నా ఒంట్లో ఇంకా సత్తువుంది. రెండు కాళ్ళూ పట్టి ఎత్తి పడేశాను. గెలిచాను! దిగి రాగానే అమ్మ సీసా చేతిలో పెట్టింది. సబ్జా నీళ్ళు. ఈసారి చుక్క మిగల్చలేదు.

ఇప్పుడు మూడు నెలలకోసారి టెస్టు చేయించుకుంటున్నాను. క్రియాటినిన్ నార్మల్. పొద్దున్నే సార్ దగ్గర చిన్న పిల్లలకు కుస్తీ నేర్పుతున్నాను. మ్యాట్ ఎక్కే ముందు “ఏ రంగులో పోశారే?” అని అడిగేది సారే.

నేను చెప్పేది ఒక్కటే. మూత్రం నల్లబడితే వేడి అనుకోకండి, నొప్పి ఇంజక్షన్ జోలికి పోకండి, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే, నీళ్ళిచ్చి అటు తిరక్కండి. ఖాళీ గ్లాసు చేతికొచ్చేదాకా అక్కడే నిలబడండి.