అన్న జేబులో ఫ్యూజు

వడ్రంగికి ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు అన్న కొట్టిన చెంపదెబ్బకు పోయింది. ఆ దెబ్బ ఎందుకు పడిందో ఇద్దరికీ గుర్తు లేదు గానీ, పడిందన్న సంగతి ఇద్దరూ మరిచిపోలేదు. అన్నకు ఆ చెవి భలే ఉపయోగపడింది. తమ్ముణ్ణి తిట్టాలనిపించినప్పుడల్లా ఎడమ పక్కకు వచ్చి నిలబడి, తీరిగ్గా, కడుపారా తిట్టిపోసేవాడు. వీధిలోవాళ్ళు నవ్వితే గానీ వడ్రంగికి విషయం తెలిసేది కాదు. తెలిశాక చేతిలో ఏదుంటే అది విసిరేవాడు. ఒకసారి ఉలి విసిరాడు. అది అన్న భుజాన్ని కోసుకుంటూ పోయి తలుపులో దిగింది. ఆ గంటు ఇప్పటికీ తలుపు మీదా ఉంది, భుజం మీదా ఉంది.

ఒక కడుపున పుట్టిన పగవాళ్ళంటే వీళ్ళే. తండ్రి పోగానే ఇంటికి నడిమి గోడ కట్టి గదులూ పెరడూ సగం సగం చేసుకున్నారు. కరెంటు ఒక్కటి పంచుకోవడం కుదరలేదు. మీటరు అన్న వాటాలో పడింది. దాని కింద చెక్క పలక మీద పింగాణీ ఫ్యూజు. అన్నది వెల్డింగు షాపు, అందుకని కరెంటంటే తన పెంపుడు కుక్క అన్నట్టు మాట్లాడేవాడు. ఫ్యూజులో సన్న తీగ మాటిమాటికీ పోతోందని షాపులోంచి లావుపాటి రాగితీగ తెచ్చి బిగించాడు. ఇక అది ఇల్లు తగలబడినా పోదు.

తమ్ముడి మీద కోపం వచ్చిందంటే ఆ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని షాపుకు పోయేవాడు. తన ఇంట్లోనూ ఫ్యానులు ఆగిపోతాయన్న పట్టింపు లేదు. శత్రువుకు అపశకునం కావాలని తన ముక్కు కోసుకునే రకం. మధ్యలో నలిగిపోయింది అతని భార్య. మొగుడి ఎదుట విసనకర్ర ఊపుకుంటూ, గోడకు అవతలి తోడికోడలికి వినపడేలా, ఈ అన్నదమ్ముల్ని కన్న తల్లిని తలుచుకుని దండం పెట్టేది.

వడ్రంగి భార్యకు నొప్పులు మొదలైన సాయంత్రం కూడా ఫ్యూజు అన్న జేబులోనే ఉంది. బయట జోరువాన. వదిన టార్చిలైటు పట్టుకుంటే మంత్రసాని ఆ వెలుతురులోనే బిడ్డను తీసింది. తల్లీబిడ్డా గట్టెక్కారు గానీ వడ్రంగి గుండెలో ఏదో గడ్డకట్టింది. ఆ వారంలోనే, అన్న ఇంట్లో లేనప్పుడు, మీటరుకూ ఫ్యూజుకూ మధ్య ఉన్న వైరును గీకి దానికి ఇంకో వైరు మెలిపెట్టి, గోడకు బెజ్జం కొట్టి తన వెనక గదిలోకి లాక్కున్నాడు. అది పైకి కనపడకుండా పాత వైర్ల చెక్కపట్టీ వెనకగా నడిపాడు. అన్న ఫ్యూజు పీకినా ఆ వైరులో కరెంటు చావదు. వడ్రంగి ఆ సంగతి పెళ్ళానికి కూడా చెప్పలేదు.

చివరికి వదినే పంతం పట్టింది. వైరింగు మార్చకపోతే పుట్టింటికి పోతానంది. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఒక జాయింటు విప్పితే తీగ మీది గుడ్డ పొడిపొడిగా రాలింది. ఎర్త్ లేదు, షాక్ కొడితే తెగే ట్రిప్ స్విచ్ లేదు. ఫ్యూజులోని రాగితీగ చూసి అతను నెత్తి కొట్టుకున్నాడు. మొత్తం పీకి కొత్తగా వెయ్యాలని, ఎవరి మీటరు వాళ్ళకు ఉండాలని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, దొంగచాటు లైనేమైనా ఉందా అని ఇద్దరినీ అడిగాడు. అన్న పెద్దగా నవ్వాడు. వడ్రంగి లేదన్నాడు.

పని మొదలయ్యే ముందురోజు కొత్త బోర్డు ఎక్కడ పెట్టాలన్న దాని మీద మాటామాటా పెరిగింది. అన్న తమ్ముడి మెడ పట్టుకుని గోడకేసి బాదాడు. గోడ సున్నం వడ్రంగి నెత్తిన రాలింది. వడ్రంగి మోకాలితో అన్న పొట్టలో పొడిచాడు. ఇద్దరూ గచ్చు మీద దొర్లారు. ఒకడి పెదవి చిట్లింది, ఇంకొకడి కనుబొమ్మ పగిలింది. వదిన అడ్డుపడి ఒక మోచేతి దెబ్బ తింది. అన్న లేచి, వెళ్ళి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని, కటింగ్ ప్లేయర్ పట్టుకుని తిరిగొచ్చాడు. ఎలక్ట్రీషియన్ ఎందుకు, నీ వాటాలో వైర్లు నేనే పీకుతానంటూ వెనక గదిలోకి పోయాడు.

అక్కడ గచ్చు కడిగి ఎంతో సేపు కాలేదు, ఇంకా తడిగానే ఉంది. అన్న కాళ్ళకు చెప్పులు లేవు. ప్లేయర్ పిడులకు ఉండాల్సిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. చెక్కపట్టీని ఒక్క గుంజు గుంజాడు. పాత వైర్లు దుమ్ముతో సహా ఊడి పడ్డాయి. వాటి వెనక నల్లటి కొత్త వైరు బయటపడింది. అన్న దాన్ని చూసి, తలతిప్పి తమ్ముడి మొహం చూశాడు.

వడ్రంగి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగులుతోంది. ఆగు అన్న ఒక్క మాట నాలుక చివర ఉంది. దాన్ని అక్కడే ఉంచుకున్నాడు.

అన్న ప్లేయర్‌తో వైరును కరిపించి నొక్కాడు. ఒళ్ళంతా కొయ్యబారింది. గొంతులోంచి మనిషిది కాని మూలుగు వచ్చింది. పిడికిలి బిగుసుకుపోయింది, విడవడం లేదు. వదిన కెవ్వుమని అతని మీదికి పరిగెత్తింది. వడ్రంగి ఆమెను రెండు చేతులా తోసేశాడు. ఆమె గడప మీద పడి నుదురు పగలగొట్టుకుంది.

"వదినా, ముట్టుకోకు. నువ్వూ పోతావు."

గోడకు ఆనించి ఉన్న ఎండు టేకు చెక్క అతని చేతికి వచ్చింది. అన్న చేతి మీద కొట్టాడు. విడవలేదు. మళ్ళీ కొట్టాడు. ఏళ్ళ తరబడి కొట్టాలనుకున్న దెబ్బలన్నీ భుజంలోంచి దిగాయి. కొడుతూ ఏడ్చాడు. మూడో దెబ్బకు ఎముక ఫటుక్కున విరిగింది, ఆ చప్పుడు అతని కుడి చెవికి బాగా వినిపించింది. అప్పుడు పిడికిలి వదిలింది. అన్న గోడ వారగా కూలిపడి, దగ్గి, వాంతి చేసుకున్నాడు. చొక్కా జేబులోంచి ఫ్యూజు గచ్చు మీదికి జారింది.

వైరింగు పూర్తయింది. గోడకు చెరో పక్కా చెరో మీటరు, చెరో ట్రిప్ స్విచ్, పెరట్లో ఎర్త్ గుంతలు వచ్చాయి. అన్న చెయ్యి మాత్రం వంకరగా అతుక్కుంది. పిడికిలి బిగియదు. ఆ చేత్తో వెల్డింగు లేదు, చెంపదెబ్బ లేదు. షాపు మూతపడింది. దొంగ వైరు వేసింది తమ్ముడేనని వీధంతా అనుకుంది. అన్న ఎవరితోనూ అవుననలేదు, కాదనలేదు.

ఒక సాయంత్రం వడ్రంగి చిత్రిక పడుతుంటే అన్న వచ్చాడు. బల్ల మీద ఆ పాత ఫ్యూజు పెట్టాడు.

"పట్టుకునే ముందు నీ మొహం చూశాన్రా. నీకు తెలుసు."

వడ్రంగి చిత్రిక ఆపాడు. "తెలుసు" అన్నాడు. "ఒక్క దెబ్బన్నా నీకు తగలాలనిపించింది."

అన్న తల ఊపాడు. వంకర చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నీ చోట నేనుంటే ఆ చెక్క కూడా తీసేవాణ్ణి కాదేమోరా."

అప్పుడు గానీ వడ్రంగి గమనించలేదు. అన్న వచ్చినప్పటి నుంచీ అతని కుడి పక్కనే నిలబడి ఉన్నాడు.