మరుగుజ్జు గెలాక్సీలూ, మా పిన్నిగారి ప్రచారమూ

గల్ఫ్ దేశంలో, రిఫా అనే ఊళ్లో, మా ఎదురు ఫ్లాటులో కాకినాడ వైపు పెద్దావిడ ఒకరు ఉంటారు. చుట్టరికమేమీ లేకపోయినా నేను పిన్నిగారనే పిలుస్తాను. వాళ్లాయన డ్యూటీకి వెళ్లగానే ఏదో ఒక కూర గిన్నెతో వచ్చి, పొద్దస్తమానం కంప్యూటరు ముందు ఏం చేస్తున్నావని ఆరా తీసేవారు.

మరుగుజ్జు గెలాక్సీల నడుమ ఉన్న కృష్ణబిలాల్లో మేత మేస్తున్నవాటిని వెతకడం నా పని. ఎక్కడెక్కడో ఉన్న టెలిస్కోపులు పంపే కొలతలను ఇంట్లో కూర్చునే చూస్తాను. కృష్ణబిలం దానంతటది కనబడదనీ, అందులో పడబోయే పదార్థం వేడెక్కి వెలుగుతుంటే ఆ వెలుగును బట్టి పట్టుకుంటామనీ చెప్పాను.

“అంటే తింటున్నప్పుడే దొరుకుతాడన్నమాట,” అన్నారు పిన్నిగారు.

భలే అర్థమైందని సంబరపడ్డాను. శుక్రవారానికల్లా, ఎదురింటమ్మాయి గ్రహాలు చూస్తుందని తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది.

మొదట వచ్చినతను జగిత్యాల వైపు మనిషి. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక దుకాణానికి వ్యాను నడుపుతాడు. పిన్నిగారే వెంటబెట్టుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టి, మా వంటింట్లోనే మా పాలతోనే టీ పెట్టుకొచ్చారు.

“దుబాయికి అచ్చినకాడికెల్లి శని ఇడుస్తలేడు మేడం. పనిల వెట్టుకున్న కఫీల్ సెలవు ఇస్తలేడు. జెర సూడుండ్రి,” అన్నాడతను. గల్ఫ్‌లో ఏ దేశమైనా అతనికి దుబాయే.

నాకు జాతకాలు రావనీ, నేను చూసే గెలాక్సీల నుంచి వెలుగు బయల్దేరిన నాటికి భూమ్మీద మనిషే లేడనీ చెప్పాను.

“గంత దూరమున్నదా? గట్లయితె అది మనల్నేం జేస్తది,” అని నిశ్చింతగా టీ తాగి వెళ్లిపోయాడు.

కొద్దిరోజులకే అతనికి సెలవు దొరికింది. ఇక పిన్నిగారికి పట్టపగ్గాల్లేవు. నయీమ్ పేట నుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. మా ఆయన లుంగీతో హాల్లోకి రాలేక, శుక్రవారమంతా పడకగదిలో చిక్కుకుపోయేవారు.

అంతలో నాకు దెబ్బ తగిలింది. నడుమ వెలుగు కనబడిందని ఎన్నో నెలలుగా నేను మురిసిపోతున్న ఒక చిన్న గెలాక్సీకి కొత్త కొలతలు వచ్చాయి. ఆ వెలుగు దానిది కాదట. దాని వెనక ఎంతో దూరంలో, సరిగ్గా అదే వరసలో ఉన్న పెద్ద గెలాక్సీలోని కృష్ణబిలానిదట. ఆ పూట అన్నం సహించలేదు.

కానీ సాయంత్రానికి బుర్రలో ఒక చిలిపి ఆలోచన మెదిలింది. శుక్రవారం హాలు నిండాక, అడగకపోయినా సంగతంతా వివరంగా చెప్పేశాను.

“అయితే వెనకోడు తింటే ముందోడి మూతి చూశావన్నమాట,” అన్నారు పిన్నిగారు, ఉండబట్టలేక.

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఏ వెలుగు ఎవరిదో పోల్చుకోలేని మనిషి, ఎవరి శని ఏ ఇంట్లో ఉన్నాడో ఏం చెబుతుంది? ఒకాయన మెల్లగా చెప్పులేసుకుంటూ, నయీమ్‌లో చెయ్యి చూసేవాడెవరైనా ఉన్నాడా అని పక్కవాణ్ణి అడిగాడు. టీ మిగిలిపోయింది. మా ఆయన లుంగీతో దర్జాగా బయటికొచ్చి దాన్ని తాగేశారు.

పిన్నిగారు కొన్నాళ్లు ముభావంగా ఉన్నారు. కూర గిన్నెలూ ఆగిపోయాయి. చివరికి నేనే వెళ్లి తలుపు తట్టాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “పోనీ ఇంకోటి వెతకరాదటమ్మా?” అన్నారు.

వెతుకుతున్నానన్నాను. చెయ్యి తుడుచుకుని, చూడ్డానికి నా వెనకే వచ్చేశారు.