బోర్డు మీద ఒక్క లైన్ రాసే యాదన్న

నిన్న పొద్దున అల్వాల్‌లో ఆఫీస్ క్యాబ్ కోసం నిలబడి ఉంటే మా పాత గేమింగ్ బ్యాచ్ సతీశ్ ఫోన్ చేశాడు.

"యాదన్న పోయిండంట."

"ఏ యాదన్న?" అని అడిగాను.

మనకు ఇంకో యాదన్న ఎవరున్నారు? అయినా అడిగాను.

నిద్రలోనే హార్ట్ ఎటాక్. పోవాల్సిన వయసు కాదు. క్యాబ్ వచ్చింది, వెళ్ళిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను.

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. సీతాఫల్‌మండిలో ఎనిమిది డబ్బా మానిటర్లతో ఉండే నెట్ సెంటర్ యాదన్నది. నేను విజయనగరం నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన కొత్తలో రెజ్యూమే మెయిల్ చేయడానికి అక్కడికి వెళ్ళాను. పని అయిపోయినా కదలకుండా, వెనక వరుసలో అబ్బాయిలు ఆడుతున్న గేమ్‌ని గుడ్లప్పగించి చూస్తున్నాను.

"చూసుడేంది చెల్లె, కూసో, ఆడు" అని ఓ కుర్చీ లాగాడు.

ఆ కుర్చీ అప్పట్నుంచీ నాదే. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్ వచ్చాక కూడా నా ఆదివారాలు అక్కడే.

సెంటర్ గోడకి ఒక వైట్ బోర్డు ఉండేది. ఏ కొత్త గేమ్ వచ్చినా అన్న ముందు తాను మొత్తం ఆడేవాడు. తర్వాత బోర్డు మీద ఒక్క లైన్ రాసేవాడు. మ్యాగజైన్లు ఎన్ని స్టార్లు ఇచ్చినా, అన్న లైన్ పడితేనే మాకు తృప్తి.

అప్పుడొచ్చింది ఆ గేమ్.

పేరు రాయక్కర్లేదు, గేమ్స్ ఆడే మన సర్కిల్‌లో అందరికీ తెలుసు. వేరే గ్రహం, ఏలియన్లు, చేతిలో ఇంత పొడుగు గన్. ఆఫీస్ క్యాంటీన్‌లో అదే మాట, ఫోరమ్స్‌లో అదే మాట. ఆడనివాడు మనిషే కాదన్నట్టు ఉండేది హడావిడి. సరిగ్గా అప్పుడే రోడ్డుకి అవతల కొత్తగా ఏసీ గేమింగ్ జోన్ తెరిచారు. ఆ గేమ్ బొమ్మతో పెద్ద బ్యానర్ కట్టారు.

అన్నకి సెంటరే బతుకుతెరువు. బోర్డు మీద "సూపర్" అని రాస్తే జనం నిలబడతారు, లేకపోతే ఎదురు జోన్‌కి పోతారు. ఈ సంగతి మాకు తెలుసు. అన్నకీ తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న దాని చివరి లెవెల్స్ ఆడుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఒక పెద్ద బేస్‌లో శత్రువులందరినీ కాల్చేశాడు. ముందుకెళ్ళే గేటు తెరుచుకుంది. అందరం "పద, పద" అంటున్నాం. ఈయన మాత్రం వెనక్కి తిరిగి, ఖాళీ అయిన గదుల్లో తీరిగ్గా నడుస్తున్నాడు.

"ఏటి ఎతుకుతన్నావన్నా?" అన్నాను.

"గీ మంచాలు జూడు చెల్లె. గింత మంది సైనికులు ఉన్నరంటడు గేమ్ చేసినోడు, ఒక్క దుప్పటన్న నలిగిందా? తిన్న పళ్ళెం సుత లేదు. కాల్చనీకే నిలబెట్టిండు, బతకనీకి కాదు."

అలాగని మూతి ముడుచుకుని ఆడలేదు. గన్ రీలోడ్ చప్పుడుకి తెగ మురిసిపోయాడు. ఏలియన్లు చుట్టు తిరిగి వెనక నుంచి వస్తే "అబ్బ, తెలివిగల్లోళ్ళు" అని మెచ్చుకున్నాడు. చివర్లో గేమ్‌లో ఒకే హాలుకి రంగులు మార్చి మళ్ళీ మళ్ళీ తిప్పినప్పుడు మాత్రం ఆవలించాడు.

పని చేస్తోందా లేదా, అంతవరకే చూడటం నా ఉద్యోగం. అక్కడ ఉండాలనిపిస్తోందా అని కూడా చూడొచ్చని నాకు ఆరోజే తెలిసింది.

సాయంత్రం బోర్డు మీద రాశాడు.

"తుపాకి మస్తుంది. లడాయి అయిపోయినంక ఆడ ఉండబుద్ధి కాదు."

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "అలా రాసీసేవేటన్నా!"

వదిన లోపల్నించి వచ్చి చదివింది. "మంచిగుందని రాస్తె ఏం పోతది నీకు? ఎదురుంగ వాడు ఏసీ పెట్టుకొని కూసున్నడు."

అన్న మార్కర్‌కి మూత పెట్టాడు.

"గిప్పుడేం పోదు. రేపటి సంది నేనేం రాసినా ఎవ్వరు నమ్మరు. గదే పరేషాన్."

గేమ్ మాత్రం అన్ని సిస్టమ్స్‌లో వేశాడు. నచ్చినవాళ్ళని ఆడుకోమన్నాడు.

జనం ఎదురు జోన్‌కే పోయారు. మా బ్యాచ్‌లో సగం మంది, అందరికంటే ముందు సతీశ్. కొన్ని వారాలు సెంటర్‌లో అన్న, నేను, ఫ్యాన్ చప్పుడు. వదిన ముఖం చూడలేకపోయేదాన్ని. అన్న మాత్రం రోడ్డు మీద వాళ్ళు కనిపిస్తే "ఏ లెవెల్‌కొచ్చినవ్ రా?" అని పలకరించేవాడు.

గేమ్ పూర్తి చేసుకుని ఒక్కొక్కడే తిరిగొచ్చాడు. సెంటిమెంట్ సీన్లేమీ జరగలేదు. ఎదురు జోన్ కూడా బాగానే నడిచింది. కాకపోతే మనవాళ్ళు పాత గేమ్ ఏదో సిస్టమ్స్ అన్నీ కలిపి ఆడుకునేవాళ్ళు, కరెంట్ పోతే మెట్ల మీద చాయ్ తాగుతూ కొట్లాడుకునేవాళ్ళు. కరెంట్ వచ్చినా లేచేవాళ్ళు కాదు. ఆ గేమ్ గ్రేటా కాదా అన్న గొడవ ఎప్పటికీ తేలలేదు. సతీశ్ ఆల్ టైమ్ బెస్ట్ అనేవాడు. అన్న నవ్వి ఊరుకునేవాడు.

నిన్న సాయంత్రానికి అన్నీ అయిపోయాయి.

చావింటి దగ్గర "వెళ్ళొస్తాం" అనకూడదు, చెప్పకుండా వెళ్ళిపోవాలి. అందుకే మేం ఎవరం చెప్పలేదు.

కానీ ఎవరం వెళ్ళనూ లేదు.

మూసి ఉన్న సెంటర్ మెట్ల మీదే కూర్చుండిపోయాం. పక్కింటివాళ్ళు చాయ్ పంపారు. చీకటి పడుతుంటే సతీశ్ మెల్లగా అన్నాడు:

"గా గేమ్ నాకు ఇప్పటికీ ఇష్టమే. కాని ఈడికెల్లి లేవబుద్ధయితలేదు."

పొద్దుట్నుంచీ ఆగిన ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

యాదన్నా, నువ్వెళ్ళిన చోట తిన్న పళ్ళెం ఉండాలి, నలిగిన దుప్పటి ఉండాలి. నీకు అక్కడ ఉండబుద్ధి కావాలి.

శాంతిగా ఉండన్నా.