ఒకటి, మూడు, రెండు

ఫిన్లాండ్‌లో, కువోపియోలోని మా ఆఫీసులో హిల్కాది నా పక్క గది. సరస్సుల్లోకి దించిన తెల్ల పళ్లెం ఎంత లోతు వరకు కనిపిస్తుందో చూసి, వాటికి తేటదనంలో ర్యాంకులు వేసి, నెలనెలా నలభై మందికి పంపేది. కాఫీ, రై రొట్టె గదిలోనే ఒంటరిగా కానిచ్చేది.

నిన్న పిలిచి పట్టిక చూపించింది. సరస్సుల వరుస సరిగ్గానే ఉంది. ర్యాంకులు మాత్రం ఒకటి, మూడు, రెండు.

"సవరించిన లోతుకీ 'లోతు' అనే పేరే పెట్టాను. చివర్లో వరుస పేర్చేటప్పుడు డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ కొత్త లోతునే చూస్తుంది. ర్యాంకు వేసే విండో ఫంక్షన్‌కి మాత్రం నేను పెట్టిన పేరు కనపడదు. అది సవరించని పాత కాలమ్‌నే పట్టుకుంది."

"అయితే లోపలి క్వెరీలో వేరే పేరు పెట్టి, బయట ర్యాంకు వెయ్. దీనికింత మొహం మాడ్చుకోవాలా?"

"అది ఇందాకే సరిచేశాను! కానీ ఆరేళ్లుగా ఇలా తప్పుగానే వెళ్లింది. ఒకటి తర్వాత మూడేంటని నలభై మందిలో ఒక్కరైనా అడగలేదు."

"పనుల్లో పడి ఎవరూ చూసి ఉండరులే" అన్నాను.

ఆమె ఆ నలభై పేర్లూ తెరపైకి తెచ్చింది.

మూడో పేరు నాదే.