డేగ రెక్క కింద గీత

కాసెల్ పట్టణంలో జరిగే పాత సైనిక వస్తువుల సంతకు గెర్లిండే స్ట్యూబ్నర్ ఇరవై రెండేళ్లుగా వస్తోంది. కార్లకు రంగులు వేసే షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. యుద్ధకాలపు హెల్మెట్ పక్కనున్న డేగ గుర్తు ఆనాడే అంటించిందో, నిన్నమొన్న అంటించిందో ఆమె భూతద్దం పెట్టి చూసి చెబితే, సేకరించేవాళ్లకు అదే ఆఖరి మాట.

ఆ శనివారం ఫోల్క్‌మార్ అనే వ్యాపారి ఒక హెల్మెట్ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. దాన్ని కొనబోయే రిటైర్డ్ బడిపంతులు ఎక్బెర్ట్ కూడా వెంట వచ్చాడు.

"చూడ్డానికేం లేదక్కా. ఇది అసలైందని పదకొండేళ్ల కింద నువ్వు రాసిచ్చిన కాగితం ఇదిగో. నీ నోట ఓ మాట వినాలని పంతులుగారి ముచ్చట," అంటూ ఫోల్క్‌మార్ కాగితం బల్ల మీద పెట్టి, హెల్మెట్ గుర్తు మీద కప్పిన గుడ్డ తీశాడు.

సంతకం తనదే. అయినా అలవాటుగా భూతద్దం కంటికి ఆనించింది. డేగ రెక్క అంచున సన్నటి గీత కనిపించింది. హెల్మెట్ రంగు మీద మొదలై గుర్తు కిందికి దూరింది. గుర్తు మాత్రం ఎక్కడా చిట్లలేదు. అంటే గీత పడ్డాకే దాన్ని అంటించారు.

ఫోల్క్‌మార్ చెవి దగ్గరికి వంగాడు. "నీ పేరు నువ్వే చెడగొట్టుకుంటావా? ఆయనకేం తెలుసు, ఊఁ అనెయ్."

"మంచిదేనా అండీ?" అన్నాడు ఎక్బెర్ట్, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"హెల్మెట్ పాతదే. గుర్తు తర్వాత అంటించింది. అప్పుడు నేను సరిగ్గా చూడలేదు." గెర్లిండే కాగితాన్ని రెండుగా చింపింది.

"ముసల్దానికి కళ్లు పోయాయిరోయ్!" ఫోల్క్‌మార్ హాలంతా వినబడేలా అరిచాడు. వరసలో నిలబడ్డ ఇద్దరు తమ హెల్మెట్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

పదకొండేళ్ల కిందటి ఆ ఏడాది తను కాగితాలిచ్చిన వాళ్లందరికీ ఆమె ఉత్తరాలు రాసింది: తీసుకురండి, మళ్లీ చూస్తాను. పంతొమ్మిది మంది తెచ్చారు. మరో రెండు కాగితాలు తప్పని తేలాయి. ఒకాయన గుమ్మంలోనే నిలబడి తిట్టిపోశాడు.

రెండు సంతల్లో ఆమె బల్ల ముందు ఎవరూ ఆగలేదు. మూడో సంతలో ఎక్బెర్ట్ ఇంకో హెల్మెట్ పట్టుకొచ్చాడు.

"అడిగినవాళ్లందరూ బ్రహ్మాండం అంటున్నారండీ. అందుకే భయమేసి మీ దగ్గరికొచ్చా."

"కూర్చోండి. టైం పడుతుంది," అంటూ గెర్లిండే దీపాన్ని దగ్గరికి లాక్కుంది.