సంత గేటు దగ్గర ఆదిశేషమ్మ

ఆదిశేషమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చింది తెర కట్టిన బండిలో. కోట, వాకాడు అనే ఊళ్ల నడుమ ఉన్న ఆ పల్లెలో పెద్ద రైతుల ఇళ్లకు ఘోషా ఉండేది. ఆడవాళ్లు గడప దాటితే బండి, బండి చుట్టూ తెర. పెళ్లయిన చాలా ఏళ్ల దాకా తమ పొలం ఏ పక్కన ఉందో కూడా ఆమెకు తెలియదు.

భర్త పోయిన ఏడాది, కోతల కాలంలో, ఆమె కాలినడకన గట్టు మీదికి వెళ్లింది. మరిది చెంచురామయ్య ఆ సాయంత్రం వాకిట్లో నిలబడి ఊరంతా వినేటట్టు కేకలేశాడు. వంశం పరువు తీసిందన్నాడు. ఆమె మర్నాడు తెల్లారేసరికి మళ్లీ గట్టు మీదే ఉంది.

పంతొమ్మిదివందల అరవైల నడుమ పంచాయతీలో ఆడవాళ్లకు సీటు పెట్టినప్పుడు, ప్రెసిడెంటుగా ఉన్న చెంచురామయ్య వదిననే కూర్చోబెట్టాడు. ఎటూ బయట తిరుగుతోంది, చెప్పినచోట సంతకం పెడుతుందిలే అనుకున్నాడు.

ఒక సంతరోజు బట్టల కొట్లో చీరల కట్ట పోయింది. బురఖా వేసుకున్న మనిషెవరో తీసుకుపోయిందని పుకారు పుట్టింది. ఆ సంతకు బురఖాలో వచ్చేది ఇద్దరో ముగ్గురో. అందులో ఖాసింబీ ప్రతి వారం కోడిగుడ్ల బుట్టతో వచ్చేది. భర్త మంచాన పడ్డాక ఆ ఇంటికి అదే ఆధారం.

పంచాయతీ మీటింగులో గుమస్తా తీర్మానం చదివాడు. దొంగతనాలు జరక్కుండా, మొఖం కనపడకుండా ముసుగు వేసుకున్నవాళ్లను సంతలోకి రానియ్యకూడదని.

"నేనొప్పుకోను," అంది ఆదిశేషమ్మ.

చెంచురామయ్య నవ్వాడు. "ఇది వాళ్ల మంచికే వదినా. కాలం మారతా ఉండాది. ఎన్నాళ్లని ఆ ముసుగులో మగ్గతారు? మనం తీయిస్తే వాళ్లకే గాలాడతాది."

"ఇందాక దొంగతనం ఆపేదానికన్నావు. ఇప్పుడు గాలాడేదానికంటుండావు."

"రెండూను."

"నేను తెర తీసి పొలానికి పోతే తిట్టినావు. తియ్యలేదని ఇప్పుడు ఆమెను తరమతా ఉండావు. ఆడదాని మొఖం మీద పెత్తనం మాత్రం నీదే కావాల."

చేతులెత్తమంటే మిగతా మెంబర్లంతా ఎత్తారు. ఆదిశేషమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తాను వ్యతిరేకమని గుమస్తా రాసేదాకా కుర్చీలోంచి లేవలేదు.

ఆ వారం సంత గేటు దగ్గర తలారి నరసయ్య కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఖాసింబీ బుట్టతో ఎండలో బయటే ఆగిపోయింది. ఆదిశేషమ్మ ఆమె దగ్గరికి వెళ్లింది.

"నిజం చెప్పు ఖాసింబీ. తీయాలని నీకుండాదా?"

"లేదమ్మా. ఎప్పుడన్నా నాకే తీయాలనిపిస్తే తీస్తా. ఈ కర్రకు బయపడి తియ్యను."

ఆదిశేషమ్మకు బురఖా అంటే ఇష్టం లేదు. చూస్తేనే ఆమెకు ఊపిరాడనట్టుండేది. కానీ ఆ జవాబు ఆమెకు నచ్చింది.

అంతలో చెంచురామయ్య ఇంటి బండి వచ్చింది. తెర వెనక అతని భార్య చెంచులక్ష్మి ఉంది. నరసయ్య వంగి దారి ఇచ్చాడు. ఆదిశేషమ్మ వెళ్లి ఎద్దు ముకుతాడు పట్టుకుంది.

"నరసయ్యా, లోపల ఎవరుండారు?"

"ప్రెసిడెంటుగారింటి అమ్మగారు గదమ్మా."

"మొఖం చూసినావా?"

జనం మూగారు. తెర లోపలినుంచి చెంచులక్ష్మి గొంతు వినిపించింది. "అక్కా, తెర తీయించబాకు. ఇంతమందిలో నేను దిగలేను."

చెయ్యి చాపితే తెర అందుతుంది. ఒక్క లాగు లాగితే మరిది నోరు మూతపడుతుంది. ఆదిశేషమ్మకు లాగాలనిపించింది కూడా. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఎవరూ తీయరమ్మాయ్. నీకిష్టం లేనిది తీయించేదానికి నేనెవర్ని?" అని, నరసయ్య వైపు తిరిగింది. "ఈ బండి లోపలికి పోతే ఆ గుడ్ల బుట్టా పోతాది. బుట్ట ఆగితే బండీ ఆగతాది. పొద్దుగూకినా నేనిక్కడే ఉంటా."

వెనక వడ్ల బళ్లు, ఎండుచేపల బళ్లు బారులు తీరాయి. కబురు అందుకుని చెంచురామయ్య పరుగున వచ్చాడు.

"దారి వదులు వదినా. నలుగురూ చూస్తా ఉండారు."

"చూడనీ. నీ రూలు నువ్వు వదులు, ముకుతాడు నేను వదుల్తా."

అతను పళ్లు కొరికాడు. లోపల పెళ్లాం ఏడుస్తున్న చప్పుడు విన్నాడు. చివరికి "పోనీరా, అందర్నీ పోనీ," అని నరసయ్యను కసిరి వెళ్లిపోయాడు. ముందు ఖాసింబీ లోపలికి నడిచింది.

తీర్మానం రద్దు కాలేదు. కానీ గేటు దగ్గర మళ్లీ ఎవరూ కర్రతో నిలబడలేదు. ఆదిశేషమ్మకు మాత్రం మరిది ఇంటితో మాటలు పోయాయి, కాలవ నీళ్లు ఆమె పొలానికి అందరికన్నా ఆఖరున రాసాగాయి. ఆమె నీళ్లు వచ్చేదాకా గట్టు మీదే కూర్చునేది.

తర్వాతి ఎన్నికల్లో ఆమె సీటు ఇంకొకరికి ఇచ్చారు. ఆమె ఎవర్నీ అడక్కుండా సొంతంగా నామినేషన్ వేసి ఓడిపోయింది. గెలిచినవాళ్ల ఊరేగింపు కావాలనే ఆమె ఇంటి ముందు ఆగి డప్పులు మోగించింది. ఆదిశేషమ్మ తలుపు తీసుకుని అరుగు మీదికి వచ్చింది. డప్పులవాళ్ల చేతులు నొప్పిపుట్టి వాళ్లే కదిలిపోయేదాకా, వాళ్ల మొఖాల్లోకి చూస్తూ నిలబడింది.